వీడియో పాఠంలో దొరికిపోయిన నా యాస

2017లో నేను శ్రీకాకుళం ఊరి చివర, హైవేని ఆనుకుని ఉన్న ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా పనిచేసేదాన్ని. అక్కడ ఎక్కువమంది చదివేది జీఎన్ఎం. ఇంటర్ తర్వాత మూడేళ్ళు చదివి, వార్డుల్లో నర్సుగా పనిచేయడానికి అర్హత తెచ్చుకునే డిప్లొమా అది. నేను చెప్పేది మిడ్‌వైఫరీ, అంటే గర్భిణుల సంరక్షణ, కాన్పు, బాలింతల బాగోగులు. అప్పటికే చాలా ఏళ్ళుగా అదే పాఠం చెబుతున్నాను కనుక తరగతి గదిలో నాకు బెరుకు ఉండేది కాదు.

మా యాజమాన్యానికి ఇతర జిల్లాల్లోనూ ఇలాంటి కాలేజీలు ఉండేవి. ఆ ఏడాది అన్నింటికీ కలిపి ఆన్‌లైన్ చదువు మొదలుపెట్టారు. ఎల్ఎంఎస్ అనేవారు దాన్ని. ట్యూటర్ల పాఠాలు వీడియోలుగా అందులో ఉంటాయి. పిల్లలు ఫోన్లో చూస్తారు, చివర చిన్న పరీక్ష రాస్తారు, సందేహం ఉంటే వీడియో కింద కామెంట్ పెడతారు. ఏ కాలేజీలో ఎవరు ఏ పాఠం బాగా చెబితే ఆ పాఠం మిగతా కాలేజీలన్నింటికీ వెళుతుంది. ఆలోచన మంచిదే. మా దగ్గర చిన్నపిల్లల జబ్బుల గురించి చెప్పే ట్యూటర్లు ఎవరూ నిలిచేవారు కాదు. ఎక్కడో ఉన్న మంచి ట్యూటర్ పాఠం మా పిల్లలు వినగలుగుతున్నారని నేను నిజంగా సంతోషపడ్డాను. హాస్టల్లో సిగ్నల్ సరిగ్గా అందేది మెట్ల మీద ఒక్కచోటే. సాయంత్రం అటు వెళితే ఒక్కో ఫోను చుట్టూ నలుగురైదుగురు తలలు ఆనించి కూర్చుని కనిపించేవారు.

నా గురించి ఒక మాట చెప్పాలి. మాది శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే పల్లె. మా నాన్న సముద్రంలో చేపల వేటకి వెళ్ళేవాడు, అమ్మ ఊళ్ళమ్మట చేపలు అమ్మేది. నా అసలు పేరు నూకరత్నం. విశాఖపట్నంలో ట్రైనింగ్‌కి చేరిన మొదటి వారం హాజరు పిలిచినప్పుడు నేను ఏదో అడిగాను. ఏం అడిగానో గుర్తులేదు. నా యాసకి గది అంతా నవ్వింది. ఆ నవ్వు మాత్రం గుర్తుంది. పేరు వింటేనే ఊరు తెలిసిపోతుందని, అప్పటినుంచి అందులో సగం తగ్గించుకుని రత్నం అయ్యాను. రేడియోలో వార్తలు చదివేవాళ్ళ మాట వింటూ, పెదవుల్లో అనుకుంటూ, స బదులు చ ఎక్కడ పలకాలో నేర్చుకున్నాను. తరగతిలో ఒక మాట, ఇంటి దగ్గర ఒక మాట. రెండింటి మధ్య గోడ కట్టుకుని బతికాను. కాలేజీలో నా కింద చదివిన పిల్లలకి నేను ఏ ఊరిదాన్నో తెలిసేది కాదు.

నా వంతు వీడియో పాఠం పీపీహెచ్ గురించి. కాన్పు అయిన వెంటనే బాలింతకి ఆగకుండా రక్తం పోవడాన్ని అలా అంటారు. ప్రాణం తీసే పరిస్థితి. దాన్ని ముందే కనిపెట్టాలంటే నర్సు ఫండస్ మీద చెయ్యి పెట్టి చూడాలి. ఫండస్ అంటే గర్భసంచి పైభాగం. కాన్పు అయ్యాక అది బొడ్డు దగ్గర చేతికి తగులుతుంది. గట్టిగా ఉంటే గర్భసంచి బాగా ముడుచుకున్నట్టు, మెత్తగా ఉంటే ప్రమాదం.

రికార్డింగ్ మా స్కిల్ ల్యాబ్‌లో పెట్టారు. పిల్లలు నిజమైన రోగుల మీద చెయ్యి వేసే ముందు బొమ్మల మీద నేర్చుకునే గది అది. పెళ్ళిళ్ళకి వీడియో తీసే అతన్ని ఊళ్ళోంచి పిలిపించారు. బొమ్మని మంచం మీద పడుకోబెట్టి, చుట్టూ ఆరేడుగురు విద్యార్థినుల్ని తరగతిలో లాగే నిలబెట్టారు. ఎదురుగా లైటు వేసేసరికి నాకు నోరు ఎండిపోయింది. "ప్రసవానంతరం గర్భాశయ సంకోచమును పరిశీలించవలెను" అంటూ మొదలుపెట్టాను. నాకే వింతగా వినిపించింది. మధ్యలో తడబడి ఆపాను. మళ్ళీ తీశారు. మళ్ళీ తడబడ్డాను. మా ప్రిన్సిపాల్ గారు గుంటూరు వైపు ఆవిడ, నెమ్మదస్తురాలు. కెమెరా మర్చిపోయి మామూలుగా చెప్పమన్నారు.

అప్పుడు పార్వతి అడిగింది. రెండో ఏడాది అమ్మాయి, కోటబొమ్మాళి అవతల వరి పండించే రైతు కుటుంబం. ప్రశ్న వస్తే లోపల దాచుకోలేని మనిషి.

"మేడమ్, గట్టిగున్నాదో మెత్తగున్నాదో మాకెలాగ తెలుస్తాది? మేమెప్పుడూ సూడలేదు కదా."

మంచి ప్రశ్న. పుస్తకంలో దానికి జవాబు లేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుని బొమ్మ పొట్ట మీద పెట్టాను. పెట్టాక నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"ఇలగ బొడ్డు దగ్గిర సెయ్యెట్టి సూడమ్మా. కొబ్బరి బొండంలాగ గట్టిగున్నాదనుకో, బయం నేదు. కలిపిన పిండిలాగ మెత్తగున్నాదనుకో, లోపల నెత్తురు పోతన్నాదన్నమాట. అప్పుడు ఎవులో వస్తారని సూడకు. సేత్తో గుండ్రంగా రుద్దుతానే ఉండు, రుద్దుతానే బేగి పిలుపెట్టు."

ఆ తర్వాత కూడా ఆపకుండా పాఠం చివరిదాకా అలాగే చెప్పాను. అలా చెప్పినట్టు నాకు తెలియనే తెలియదు. లైటు తీసేశాక వీడియో అతను చాలా బాగా వచ్చిందన్నాడు. అతనూ మా జిల్లావాడే. వినడానికి అతనికి తేడా ఏమీ తెలిసి ఉండదు. ప్రిన్సిపాల్ గారు పార్వతి అడగకముందే పనిమీద బయటికి వెళ్ళిపోయారు. ఎవరూ మళ్ళీ చూడకుండానే పాఠం ఎల్ఎంఎస్‌లోకి ఎక్కింది.

మొదటి రెండు రోజులు ఎంతమంది చూశారో చూసుకుని మురిసిపోయాను. తర్వాత కామెంట్లు చదివాను. మొదట అన్నీ నవ్వే ఎమోజీ బొమ్మలే. ఏదో పొరపాటున పెట్టారనుకున్నాను. కిందికి వెళితే మాటలు మొదలయ్యాయి. ఇది నర్సింగ్ క్లాసా, కామెడీ షోనా అని ఒకరు. సబ్‌టైటిల్స్ పెట్టండి మేడమ్ అని ఇంకొకరు. త్వరగా పిలవమని నేనన్న "బేగి పిలుపెట్టు" మాటని విరిచి విరిచి రాసి, కింద ఒకరి తర్వాత ఒకరు అదే రాసుకుంటూ పోయారు. స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఆ వీడియో నేనే పెట్టుకుని విన్నాను. విశాఖపట్నంలో మొదటి వారం నవ్వించిన గొంతు అది. ఇన్నేళ్ళూ దాన్ని ఎక్కడో పూడ్చేశాననుకున్నాను. కొంగు తలమీదుగా కప్పుకోవాలనిపించింది. ఫోన్ బోర్లా పెట్టేశాను, ఎవరో ఫోన్లోంచి నన్ను చూస్తున్నట్టు.

అక్కడితో ఆగలేదు. ఎవరో ఆ పాఠంలో పార్వతి ప్రశ్న, నా జవాబు మాత్రం కత్తిరించి, వెనక జనం పగలబడి నవ్వుతున్న చప్పుడు కలిపి చిన్న ముక్కగా చేశారు. అది గ్రూపుల్లో తిరిగి తిరిగి మా కాలేజీకే వచ్చింది. చేసింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. కారిడార్‌లో నేను వెళుతుంటే పిల్లలు మాట ఆపేసేవారు. వాళ్ళు నన్ను వెక్కిరించారని చెప్పను, బహుశా జాలిపడ్డారేమో. నాకు రెండూ ఒక్కలాగే తగిలాయి.

అన్ని కాలేజీల ట్యూటర్లతో ఆన్‌లైన్‌లో మీటింగ్ పెట్టారు. ఎల్ఎంఎస్ చూసుకునే కోఆర్డినేటర్, కుర్రవాడు, చాలా మర్యాదగా మాట్లాడాడు. పాఠంలో విషయం బాగుందని, భాష విషయంలో చిన్న ఇబ్బంది ఉందని, వేరే కాలేజీ మేడమ్‌తో మళ్ళీ తీయిస్తామని అన్నాడు. తెరమీద చిన్న చిన్న గళ్ళలో అంతమంది ముఖాలు. నా ముఖం కూడా వాటి మధ్య నాకే కనిపిస్తోంది. సరేనండి అన్నాను. ఆ సరేనండి చాలా శుభ్రంగా పలికాను. మీటింగ్ అయ్యాక ప్రిన్సిపాల్ గారు భుజం మీద చెయ్యి వేసి, పిల్లలు కదా వదిలెయ్యండి రత్నం, భాష కాస్త చూసుకుని ఉంటే సరిపోయేది అన్నారు. ఓదార్చడానికే అన్నారు. ఆ రెండో మాట నాతో ఇంటిదాకా వచ్చింది.

ఆ ఆదివారం అమ్మని చూడటానికి పల్లెకి వెళ్ళాను. అమ్మ అప్పటికి చేపలు అమ్మడం మానేసింది. ఎండుచేపలు ఆరబెట్టేచోట నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని ఉంది. నన్ను చూడగానే పక్కింటి కోడల్ని పిలిచి, ఆ ఫోన్లోది మళ్ళీ పెట్టమంది. ఆ ముక్క మా పల్లెకి కూడా వచ్చేసింది. అందరూ మెడలు చాచి చూశారు. నా గొంతు, దాని వెనక ఆ నవ్వుల హోరు. చూస్తున్నంతసేపూ అమ్మ ముఖం వెలిగిపోతోంది. టీవీలో కూతుర్ని చూసుకున్నట్టు చూసింది. అయిపోయాక నా వైపు తిరిగింది.

"బాగా సెప్పినావే. మరి ఆళ్ళందరూ ఏటికి నవ్వుతన్నారు?"

పక్కింటి కోడలు డిగ్రీ చదివిన పిల్ల. తల దించుకుంది. ఆమెకి అర్థమైందని నాకు తెలిసింది. మిగతా ఆడవాళ్ళు నా జవాబు కోసం చూస్తున్నారు. ఏమని చెప్పను? మనం మాట్లాడినట్టు మాట్లాడితే నవ్వొస్తుందమ్మా అనాలా? నువ్వు నాకు నేర్పిన మాటలే అవి అనాలా?

"నచ్చి నవ్వుతన్నారమ్మా" అన్నాను.

"మన మాట నచ్చినాదేటి ఆళ్ళకి" అని అమ్మ పక్కనున్న ఆవిడతో చెప్పుకుని సంతోషపడింది. నేను లేచి, పనేదో ఉన్నట్టు ఇంట్లోకి వెళ్ళాను. వాళ్ళు నన్ను చూసి నవ్వినప్పుడు కలిగిన సిగ్గు ఒకటి. అమ్మ ఎదుట నిలబడి, ఆ సిగ్గు ఎందుకు కలిగిందో చెప్పలేకపోవడం దానికి ఎన్నో రెట్లు పెద్దది. ఇల్లు వదిలి బస్సెక్కేదాకా అమ్మ కళ్ళలోకి సరిగా చూడలేకపోయాను.

కాలేజీకి తిరిగి వచ్చాక తెలిసింది, పార్వతి హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వెళ్ళిపోయిందని. ఒంట్లో బాగాలేదని చెప్పిందట. తర్వాతి వారం కూడా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆమె గొంతు కూడా ఆ ముక్కలో ఉందన్న సంగతి నేను అంతవరకూ ఆలోచించనే లేదు. నా బాధలో నేనున్నాను. ప్రిన్సిపాల్ గారికి చెప్పి సెలవు పెట్టి, కోటబొమ్మాళి బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో.

ఊడుపుల రోజులు. ఊరంతా పొలాల్లో ఉంది. పార్వతి వాళ్ళ నాన్న గట్టు మీద నారు కట్టలు సర్దుతున్నాడు. నేనెవరో చెప్పగానే తలపాగా తీసి నిలబడ్డాడు. ఆయన కంగారుపడుతూ చెప్పిందేమిటంటే, పిల్ల చదువు వద్దంటోంది, ఎందుకో చెప్పదు, పరీక్ష పోయిందేమో అనుకున్నారు, ఎవరైనా ఏడిపించారేమో అనుకున్నారు. వాళ్ళమ్మ ఎంత బతిమాలినా నోరు విప్పలేదు.

"మీకేటైనా తెలుసా మేడమ్" అని అడిగాడు.

ఆయన మాట తీరే కారణమని ఆయనకి ఎలా చెప్పను? కాలేజీలో చిన్న గొడవ, పెద్దది కాదు, నేను మాట్లాడతాను అన్నాను. ఆయన నమ్మాడు. పొలంలోకి చూపించాడు. పార్వతి మోకాలి లోతు బురదలో వంగి నాటుతోంది. నన్ను చూసి నిటారుగా లేచింది. చేతుల్లో నారు అలాగే ఉంది. గట్టు మీదికి రమ్మన్నాను. వచ్చి కాస్త దూరంలో కూర్చుంది. తిట్టడానికి వచ్చాననుకుందని ఆ తర్వాత తెలిసింది.

నేను ముందే కూడబలుక్కున్న మాటలన్నీ ఉన్నాయి. ఎవరేమన్నా పట్టించుకోకూడదని, చదువు ముఖ్యమని. ఒక్కటీ బయటికి రాలేదు. పట్టించుకున్నదాన్ని నేనే కదా.

చివరికి ఆమే మాట్లాడింది.

"నాను అడక్కపోతే మీరు అలగ సెప్పీవారు కాదు మేడమ్. నా వల్లే మీరు నవ్వులపాలైపోనారు. మళ్ళీ మీ క్లాసులో ఏ మొగం పెట్టుకుని కూకోనూ?"

దారి పొడుగునా, ఆమె కూడా తనని వెక్కిరించినందుకే బాధపడిందనుకున్నాను. ఆమె బాధ నా గురించి. తన ప్రశ్న వల్ల టీచరు పరువు పోయిందని, ఆ తప్పు తనదేనని మోస్తోంది. పందొమ్మిదేళ్ళ పిల్ల.

"నువ్వు అడిగింది మంచి ప్రశ్న. నాను సెప్పింది సరైన జవాబు. అందులో తప్పేటి నేదు" అన్నాను. ఒక విద్యార్థినితో తెలిసి తెలిసి ఆ మాటలో మాట్లాడటం నా జీవితంలో అదే మొదటిసారి. చెవులు వేడెక్కాయి.

పార్వతి నా వైపు చూసింది.

"అయితే మళ్ళీ క్లాసులో అలగ సెప్తారా?"

సెప్తాను అన్నాను. ధైర్యం ఉండి అనలేదు. అనకపోతే ఆ పిల్ల ఆ పొలంలోనే ఉండిపోతుందన్న భయంతో అన్నాను.

సోమవారం పార్వతి వచ్చింది. వెనక బెంచీలో కూర్చుంది. ఆ రోజు పాఠం, బిడ్డకి పాలు ఎలా పట్టాలో బాలింతకి నేర్పించడం. నిర్వచనాలు, పరీక్షలో రాయాల్సినవి ఎప్పటిలాగే చెప్పాను. తల్లితో మాట్లాడే భాగం వచ్చేసరికి ఆగాను. బోర్డు వైపు తిరిగి సుద్దముక్క వెతుకుతున్నట్టు నటించాను. తర్వాత ఇటు తిరిగి, మా పల్లెలో కొత్త తల్లికి అమ్మ ఎలా చెబుతుందో అలాగే చెప్పాను. ముందు బెంచీలో ఇద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాకు కనిపించింది. ఆగకుండా చెప్పాను. గంట కొట్టేసరికి జాకెట్టు వీపు తడిసిపోయింది.

నా వీడియోని ఎల్ఎంఎస్ నుంచి తీసేశారు. దాని బదులు వేరే మేడమ్ పాఠం పెట్టారు. చక్కని తెలుగు, చక్కని పాఠం, అందులో నేను తప్పు పట్టగలిగింది ఏదీ లేదు. నాది కూడా ఉంచండి అని ప్రిన్సిపాల్ గారి ద్వారా అడిగించాను. కుదరదన్నారు. ఆ తర్వాతి సంవత్సరం మాత్రం ప్రిన్సిపాల్ గారే ఒక దారి ఆలోచించారు. పాఠం అందరికీ అర్థమయ్యే భాషలో ఉంటుంది, చివర తల్లితో ఎలా మాట్లాడాలో చూపించే భాగాన్ని ఏ జిల్లా ట్యూటర్ అయితే ఆ జిల్లా మాటలో చేయాలి. కమ్యూనికేషన్ స్కిల్స్ అని దానికి పేరు పెట్టి ఒప్పించారు. నా భాగానికి నవ్వే బొమ్మలు అప్పుడూ వచ్చాయి. కొంచెం తగ్గాయంతే. ఎవరూ మారిపోయి క్షమాపణ చెప్పలేదు.

మూడో ఏడాదిలో పార్వతి వాళ్ళ బ్యాచ్‌ని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి వార్డుకి తీసుకెళ్ళాను. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి తొలి కాన్పు అయి గంటే అయింది. పైనుంచి ఎవరేం చెప్పినా బెదురుగా తలూపుతోంది తప్ప మాట లేదు. డ్యూటీలో ఉన్న డాక్టరు గారు వేరే జిల్లా ఆవిడ, పక్క మంచం దగ్గరే ఉన్నారు. పార్వతి ఆ అమ్మాయి పక్కన కూర్చుని, ఆమె చేతిని ఆమె పొట్ట మీదే పెట్టి, మెత్తబడితే ఎలా తెలుస్తుందో, తెలిస్తే ఏం చేయాలో, ఎవర్ని పిలవాలో నెమ్మదిగా చెప్పింది. అచ్చంగా మా మాటలో. వార్డంతా వినేలా.

నిజం చెప్పాలి కదా, ఆ క్షణంలో నాకు గర్వం కలగలేదు. ముందు డాక్టరు గారి ముఖం చూశాను, నవ్వుతారేమోనని. ఆవిడ కేస్ షీట్ రాసుకుంటున్నారు. వినిపించిందో లేదో కూడా తెలియదు. ఇటు తిరిగేసరికి ఆ బాలింత పార్వతిని ఏదో అడుగుతోంది. అంతవరకూ తలూపడం తప్ప తెలియని పిల్ల మొదటిసారి నోరు విప్పి అడుగుతోంది, వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. నా చూపు ఎవరి ముఖం మీదికి ముందు పోయిందో నాకు తెలిసి, తల వంచుకుని వార్డు బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను.

ఆన్‌లైన్ పాఠం గురించి కొత్త ట్యూటర్లు ఇప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. లైటు ఎటు పెట్టాలి, ఎంతసేపు మాట్లాడాలి, ఇలాంటివి. అవన్నీ నేర్చుకోవచ్చు. ఈ వ్యవహారంలో నాకు తెలిసొచ్చింది వేరు. సిగ్గు కూడా చూసి నేర్చుకునేదే. ఏ సిలబస్‌లోనూ ఉండదు, ఏ పరీక్షలోనూ అడగరు, టీచరు ముఖం చూసి పిల్లలు పట్టేస్తారు. ఇన్నేళ్ళు నా మాటని దాచుకుంటూ, నాకు తెలియకుండానే ఎంతమంది పార్వతులకి దాచుకోవడం నేర్పానో లెక్క తేలదు.

సిగ్గు పోయిందా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పాలి. కెమెరా మీద ఎర్రదీపం వెలగగానే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ వేడి తగ్గేదాకా ఆగడం మానేశాను, అంతే. వేడెక్కిన ముఖంతోనే పాఠం మొదలుపెడతాను.